ఇబ్రహీంపట్నంలో నవ్వినందుకు

తిరిగి వచ్చిన దగ్గర్నుంచి బజారులో ఎవరు ఎదురైనా ఒకటే అడుగుతున్నారు: "ఏం మాష్టారూ, హైదరాబాదు రాజ్యం వెళ్ళొచ్చారట! అక్కడివాళ్లంతా ఇప్పుడు హాయిగా ఉన్నారా?"

ఉన్నారంటే అబద్ధమవుతుంది. లేరంటే అడిగినవాళ్ల ముఖం మాడిపోతుంది. మొన్న సైన్యం అటు వెళ్లిందని తెలిసిన రోజున మనమంతా ఇక్కడ మిఠాయిలు పంచుకున్నవాళ్లమే కదా. నేనూ పంచాను. బళ్లో పిల్లలకు తలా ఒక లడ్డూ పెట్టి, స్వేచ్ఛ అంటే ఏమిటో గొంతు బొంగురుపోయేదాకా చెప్పాను. చరిత్ర, పౌరశాస్త్రం చెప్పుకుని బతికేవాణ్ణి, అంతకంటే చెయ్యగలిగింది ఏముంది? అందుకని వెళ్లనివాళ్ల కోసం చూసింది చూసినట్టు రాస్తున్నాను. రైళ్ల వేళలూ సత్రాల వివరాలూ కావలసినవాళ్లు స్టేషన్‌లో అడగండి. ఇందులో మనుషులే ఉన్నారు.

బయలుదేరే ముందు

నేను వెళ్లింది సరదాకి కాదు, బుచ్చమ్మను ఊరు చేర్చడానికి. పోయిన ఏడు రజాకార్ల భయానికి సరిహద్దు దాటి బెజవాడ వచ్చిపడ్డ జనంలో ఆమె ఒకతె. మా వీధి చివర శిబిరంలో ఉండేది. ఒకరోజు మజ్జిగ అడగడానికి మా ఇంటికొచ్చి, మా ఆవిడ కవ్వం తిప్పే తీరు నచ్చక చేతిలోంచి లాక్కుని తనే తిప్పింది. ఆ తర్వాత ఆ కవ్వం ఆమెదే. మాతోనే ఉండిపోయింది. నన్ను "పంతులూ" అనేది, నేను "పెద్దమ్మా" అనేవాణ్ణి.

ఆమెకు ఒక్కడే కొడుకు, జంగయ్య. మన బెజవాడ పక్కది కాదు, హైదరాబాదు అవతలి ఇబ్రహీంపట్నం దగ్గర పల్లెలో గొంగళ్లు నేస్తాడు. పాత సర్కారు అతణ్ణి ఠాణాలో పెట్టిన వారంలోనే ఊరిమీద దాడి జరిగితే, ఇరుగుపొరుగు ఈమెను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేశారు. పోలీసు చర్య అయ్యాక జంగయ్యను విడిచిపెట్టారనీ, మెడలో బంతిపూల దండ వేశారనీ కబురు తెలిసింది. ఇక వచ్చి తీసుకెళ్తాడని ఆమె రోజూ వీధి అరుగు మీద కూర్చునేది. చలికాలం వచ్చింది గానీ జంగయ్య రాలేదు. చివరికి ఆ వైపునుంచి వచ్చిన గొర్రెల బేరగాడొకడు చెప్పాడు, అతణ్ణి మళ్లీ తీసుకెళ్లారని.

బుచ్చమ్మ నమ్మలేదు. "సర్కారు మారింది గద పంతులూ. మల్లెందుకు పట్టుకపోతరు? గాడు తాగి మాట్లాడిండు."

నేనూ నమ్మలేదు. ఎక్కడో పొరపాటు జరిగి ఉంటుందనీ, చదువుకున్నవాడు వెళ్లి నాలుగు మాటలు మాట్లాడితే సర్దుకుంటుందనీ అనుకున్నాను. బడికి సెలవు పెట్టాను. మా ఆవిడ ఆవకాయ జాడీ కట్టి ఇచ్చింది. మూతిమీద వాసెన కట్టడానికి చేతికందిన గుడ్డ, ఆమె పాత చీరచెంగు, చింపి కట్టింది. అది ఎర్రది. అప్పట్లో దానికి రంగు ఉందని మాకెవరికీ తట్టలేదు.

సరిహద్దు స్టేషన్‌లో

దేశం ఒకటైపోయిందని నేను పిల్లలకు పటం మీద గీత చెరిపి మరీ చూపించాను. రైల్వేవాళ్లకు ఆ సంగతి చెప్పినట్టు లేదు. సరిహద్దు దాటగానే సుంకం జవాన్లు ఎక్కి మూటలు విప్పించారు. జాడీ వాసెన ఊడదీసి, లోపలికి తొంగిచూసి, ఒకాయన ఒక ముక్క నోట్లో వేసుకుని, "తినేదే" అని పక్కవాడికి ధ్రువపరిచాడు.

మళ్లీ వాసెన కట్టుకుంటూ ఆమెను అడిగాను, "పెద్దమ్మా, ఇంతకీ అప్పుడు జంగయ్యను ఎందుకు పట్టుకున్నారు?" ఇన్నాళ్లు మా ఇంట్లో ఉన్నా ఆ సంగతి ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు.

"నవ్విండు."

"నవ్వితే పట్టుకుంటారా?"

"డప్పు సాటింపు అయింది పంతులూ. తాలూకా పెద్దదొరకు పానం బాగలేకుండె, గిప్పుడు బాగైందట. కాబట్టి ఊరోళ్లందరు సంతోషపడాలె, సంతోషపడనోళ్ల మీద కేసు పెడ్తమని సాటిచ్చిన్రు. గది ఇని మావోడు నవ్విండు. ఠాణా అమీన్ సాబు ఎందుకు నవ్వినవ్ రా అన్నడు. సంతోషపడుతున్న దొరా అన్నడు వీడు. గంతే."

రైలు పెట్టెలో ఉన్నవాళ్లందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. కిటికీలోంచి చూస్తూ, "వాళ్ల నాయన నవ్వు గూడ గట్లనే ఉండేది. ఆపుదామంటె ఆగదు," అంది.

తుర్కయంజాల్ చాయ్

హైదరాబాదు నగరంలో ఏం చూశావని అడిగితే దుమ్ము చూశానని చెబుతాను. బస్సు పట్టుకుని వెంటనే బయటపడ్డాం. నేలంతా బండలు, మధ్యలో జొన్నచేలు. మన కృష్ణ కాలవల పచ్చదనానికి అలవాటుపడ్డ కళ్లకు మొదట దిగులేస్తుంది గానీ, కాసేపు చూస్తే ఆ బండల మీద ఎండపడే తీరులో ఏదో గంభీరం ఉంది.

తుర్కయంజాల్ దగ్గర బస్సు ఆగిపోయింది. డ్రైవరు కిందికి దూరాడు. రోడ్డు పక్కన చాయ్ హోటలు. మనం కాఫీ అన్నట్టు ఇక్కడ చాయ్ అంటారు; కాఫీ అడిగితే ఒంట్లో బాగాలేదా అన్నట్టు చూస్తారు. నా దగ్గరున్నది మన రూపాయి, దాన్ని కల్దారు అంటారు. వాళ్ల చిల్లర వాళ్ల హాలీ నాణేలే. తీసుకుంటారు, తిరిగిచ్చే చిల్లర చూసుకుంటే మాత్రం మనకు లాభమో నష్టమో లెక్కల మాష్టారు కూడా తేల్చలేడు.

హోటలు గోడమీద పొగచూరిన చోట ఒక తెల్లటి చదరం మిగిలి ఉంది. ఏళ్ల తరబడి అక్కడ వేలాడిన పాత ప్రభువు పెద్ద పటం తీసేసిన చోటు అది. దాని నట్టనడుమ ఇప్పుడు కొత్త నాయకుడి చిన్న పటం వేలాడుతోంది. చుట్టూ ఆ తెల్ల అంచు అలాగే కనబడుతోంది. నేను చూడటం హోటలాయన గమనించాడు.

"పెద్దది దొరకలే సాబ్. దొరికినంక పెడ్త," అన్నాడు కంగారుగా, నేనేదో తనిఖీకి వచ్చినట్టు.

"నేను బడిపంతుల్ని, సాయిబుగారూ. నాకు చాయ్ చాలు."

అప్పుడు ఆయన భుజాలు కిందికి దిగాయి. మేం ఎటు పోతున్నామో, ఎందుకో బుచ్చమ్మ చెప్పింది. ఆయన చేతిలో గిన్నె పట్టుకుని వింటూ నిలబడిపోయాడు. "మా తమ్మున్ని గూడ తీస్కపోయిన్రమ్మా. రజాకారు అన్నరు. వాడు రొట్టెలు కాల్చెటోడు. యాడున్నడో, ఉన్నడో లేడో, ఎవ్వలను అడగాల్నో తెల్వదు. అడిగితే నన్ను గూడ పట్టుకపోతరని మా ఇంట్ల భయం."

ఒక ఏడాది కిందట ఈ గడ్డాలను చూసి పారిపోయిన మనిషి బుచ్చమ్మ. ఆయన పక్కన బల్ల మీద ఎలా కూర్చుంటుందోనని బస్సు దిగేటప్పుడే నాకు అనుమానంగా ఉండింది. ఆమె చాయ్ సాసర్లో పోసుకుని నెమ్మదిగా ఊదుకుంటూ, "నీ తమ్ముని పేరేంది?" అని అడిగింది. ఆయన చెప్పాడు. "కాసీం," అని ఆమె ఒకసారి పలికి చూసుకుంది. "మావోని కాడ అడుగుత. లోపలుంటె చూసి ఉంటడు."

చాయ్ డబ్బులు ఆయన తీసుకోలేదు.

నాకా దగ్గర

ఇబ్రహీంపట్నం ముందు రోడ్డుకు అడ్డంగా వెదురు గడ, దాన్నే నాకా అంటారు. దాని పక్కన గుడారం, అందులో సిపాయిలు. అందరినీ దింపి వరసలో నిలబెట్టారు. నాకు మాత్రం లోపల పొంగు. మన సిపాయిలు! దగ్గరికి రాగానే "జైహింద్" అన్నాను గట్టిగా. హవల్దారు ఉలిక్కిపడి తుపాకీ సర్దుకున్నాడు.

మూటలు విప్పారు. ఎర్ర వాసెన దగ్గర హవల్దారు చెయ్యి ఆగింది. ఎక్కణ్ణుంచి వస్తున్నావని హిందీలో అడిగాడు. బెజవాడ అన్నాను. ఎర్రగుడ్డ, బెజవాడ అని రెండు మాటలూ పక్కపక్కన పెట్టి నన్ను పైనుంచి కిందికి చూశాడు. ఎర్రజెండా సంఘం వాళ్లంతా అక్కడినుంచే వస్తారని వాళ్ల నమ్మకం. జాడీలోకి బాయ్‌నెట్టు దించి తిప్పాడు. బాంబు లేదు. అనుమానం తీరక వేలితో తీసి నాలుక మీద రాసుకున్నాడు. పంజాబు మనిషి, గుంటూరు మిరపకాయ. కళ్లలోంచి నీళ్లు కారుతుంటే మిగతా సిపాయిలు ముఖాలు తిప్పుకున్నారు. జాడీ ఇచ్చేశాడు గానీ గుడ్డ ఉంచేసుకున్నాడు. మా ఆవిడ చీరచెంగు సర్కారు స్వాధీనంలో ఇప్పటికీ ఉంది.

మళ్లీ బస్సెక్కాక బుచ్చమ్మ నాకా దగ్గర డప్పు మనిషి కేకేస్తున్న మాటలు విని అడిగింది, "ఐదుగురు గుంపు గూడొద్దంటున్నడు. ఐదుగురు గుంపెట్లైతది పంతులూ?"

చెప్పడం నా వృత్తి కదా. ఐదుగురు, అంతకు పైన ఒకచోట చేరితే చట్టం దృష్టిలో గుంపనీ, నలుగురైతే కాదనీ, బ్రిటిషువాళ్ల కాలంనుంచీ ఇదే పద్ధతనీ వివరించాను.

"నలుగురైతె ఏం కాదు?"

"ఏం కాదు."

ఆమె తలూపింది. ఇంత శ్రద్ధగా వినే విద్యార్థులు నాకు ఎప్పుడూ లేరు.

బుచ్చమ్మ ఊరు

పెద్దచెరువు కట్ట దిగి కొంతదూరం నడిస్తే వాళ్ల పల్లె. ఇంటి తలుపు తాళం లేకుండా మూసి ఉంది. లోపల జంగయ్య మగ్గం గుంట, సగం నేసిన గొంగడి, దానిమీద బూజు. బుచ్చమ్మ గడపలో నిలబడి చాలాసేపు ఆ గొంగడి వైపే చూసింది. తర్వాత చీపురు తీసుకుంది.

పక్కింటి సత్తెమ్మ గట్క తెచ్చిపెట్టింది. అది జొన్నల సంకటి, మజ్జిగతో కలుపుకుని తాగినట్టు తినాలి. అన్నానికి అలవాటుపడ్డ నా పొట్ట మొదటి ముద్దకు ఆశ్చర్యపోయింది, మూడో ముద్దకు ఒప్పుకుంది. మా ఆవకాయ వాళ్లకు పులుపెక్కువైంది. వాళ్ల పచ్చిపులుసు నాకు నీళ్లగా తోచింది. రెండూ కలిపి తింటే బాగుంటుందని ఇద్దరం ఒప్పుకున్నాం.

జంగయ్యను రెండోసారి ఎందుకు తీసుకెళ్లారో సత్తెమ్మ చెప్పింది. విడుదలై వచ్చిన కొద్దిరోజులకు మిలిటరీ క్యాంపు తరఫున చాటింపు జరిగింది. చాటించింది ఎవరో కాదు, తహసీలు కచేరీలో గుమాస్తాగా ఉండే పేష్కారు. పాత దొరల మాటలు ఊరికి చెప్పింది ఆయనే, కొత్త దొరల మాటలు చెబుతున్నదీ ఆయనే.

"ఏమని చాటించారు?"

సత్తెమ్మ గొంతు మార్చి అచ్చం పేష్కారులా పలికింది: "ఈ దినం మొదలు ప్రజలందరూ స్వతంత్రులు. కాబట్టి పొద్దుగూకిన తర్వాత ఎవ్వరూ ఇల్లు కదలరాదు."

బుచ్చమ్మ చేతిలో చీపురు ఆగిపోయింది. "మావోడు నవ్విండా?"

"నవ్విండక్కా. గా కాబట్టి కాడ నవ్విండు. జీపుల ఉన్న ఆఫీసరు చూసిండు. ఏమన్నడని పేష్కారును అడిగిండు. ఎర్రజెండా సంగపోడు దొరా, సర్కారును చూసి నవ్వుతడు, పాత సర్కార్ల గూడ గిదే కేసు అని పేష్కారు చెప్పిండు."

నాకు కూడా ఆ "కాబట్టి" దగ్గర నవ్వొచ్చింది. రాగానే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, తలుపు వైపు చూశాను. ఎందుకు చూశానో ఆలోచిస్తే ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది. ఆ ఊరికి వచ్చి ఒక పూట కాలేదు, నాకు అప్పుడే అలవాటైపోయింది.

క్యాంపు

మర్నాడు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని క్యాంపుకు వెళ్లాను. పాత ఠాణాలోనే పెట్టారు. బుచ్చమ్మను బయటే ఆపేశారు. పెద్ద ఆఫీసరు ఎక్కడికో పోయాడు. బల్ల దగ్గర పేష్కారు ఉన్నాడు. సన్నగా, మర్యాదగా, ఎవరు ఎటునుంచి వచ్చినా లేచి నిలబడటానికి సిద్ధంగా కుర్చీ అంచునే కూర్చుని ఉన్నాడు.

"జంగయ్య అనే మనిషిని ఏ నేరం మీద, ఏ చట్టం కింద నిర్బంధించారో తెలుసుకోవచ్చా?" అని అడిగాను. వాక్యం దారిలోనే తయారు చేసుకున్నాను.

"మీరు అతనికి ఏమైతరు?"

"ఏమీ కాను. బెజవాడలో టీచర్ని."

పేష్కారు లోపలికి వెళ్లి హవల్దారుతో ఏదో చెప్పాడు. అదే హవల్దారు. కళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. నా భుజం మీద చెయ్యి పడింది. "విచారణ కోసం" అని పేష్కారు సౌమ్యంగా చెప్పాడు. తలుపు మూసుకుంది.

లోపల ముందు చీకటి, తర్వాత గోడలు కనబడ్డాయి, ఆ తర్వాత మనుషులు. మూలన ముప్ఫైలోపు మనిషి ఒకడు కంబళి కప్పుకుని కూర్చుని ఉన్నాడు. మాట్లాడేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నాడు.

"అన్నా, నువ్వేం జేసినవ్?" అని అడిగాడు.

"ఒక ప్రశ్న అడిగాను."

"ఏం అడిగినవ్?"

"జంగయ్య అనే అతణ్ణి ఎందుకు పట్టుకున్నారని."

అతను ముందుకు జరిగాడు. "నాకు గూడ గదే తెల్వాలె. ఏమన్నరు?"

"ఏమీ అనలేదు. ఇక్కడ కూర్చోబెట్టారు."

జంగయ్య నవ్వాడు. అప్పుడు చెయ్యి జారింది, ముందు పళ్లు రెండు లేవు. పెదవి మీద మానని చీలిక. నేను చూడటం చూసి మళ్లీ చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఎవరు కొట్టారు?"

"పాత సర్కార్ల కొట్టిన జవానే. వాని కొలువు పోలే. డ్రస్సు మారింది, చెయ్యి గదే. గప్పుడు ఈపు మీద కొట్టిండు, ఈసారి మూతి మీద కొట్టిండు."

మీ అమ్మను తీసుకొచ్చాను, బయట ఉంది అని చెప్పాను. అతను లేచి తలుపు సందులోంచి చూడబోయాడు. తర్వాత, "నా పండ్లు పోయినయని చెప్పకు," అన్నాడు. కాసీం గురించి అడిగాను. రొట్టెలు కాల్చే కాసీం కొన్నాళ్లు ఇదే గదిలో ఉన్నాడట, తర్వాత లారీ ఎక్కించి నగరం జైలుకు పంపారట. "మంచోడు. పాట పాడెటోడు," అన్నాడు. బతికి ఉన్నాడన్న మాట. అంతవరకైనా హోటలాయనకు చెప్పవచ్చు.

ఆ రోజు గడిచింది. నాకు భయం వేసింది; వెయ్యలేదని రాస్తే ఈ కథనంలో మిగతాదీ మీరు నమ్మనక్కర్లేదు. భయం తీరడానికి నా పాఠమే నేను చెప్పుకున్నాను. ఢిల్లీలో పెద్దలు కూర్చుని దేశానికి కొత్త చట్టం రాస్తున్నారనీ, కారణం చెప్పకుండా ఏ మనిషినీ పట్టుకోకూడదని అందులో ఉంటుందనీ జంగయ్యకు చెప్పాను.

అతను శ్రద్ధగా విన్నాడు. "రాసుడు అయిపోయిందా?"

"ఇంకా లేదు. పెద్ద పని కదా."

"జర జల్ది రాయమని చెప్పరాదే అన్నా. మస్తు చలి పెడుతుంది ఈడ."

కుర్చీ

మరునాడు పొద్దెక్కాక ఆఫీసరు వచ్చాడు. కెప్టెను. మనిషి కుర్రవాడే, నిద్ర లేని ముఖం. నన్ను పిలిపించి హిందీలో ఏదో అడిగాడు. నేను ఇంగ్లీషులో జవాబు చెప్పాను. వెంటనే అతని ముఖం మారింది. కుర్చీ వేయించాడు. టీ తెప్పించాడు. ఎక్కడ చదివారు, ఏం బోధిస్తారు అని అడిగాడు. పొరపాటు జరిగిందన్నాడు, మీలాంటివారు ఇలాంటి చోట్లకు రాకూడదన్నాడు.

టీ చేతిలో పట్టుకుని నేను ఆలోచించాను. నిన్న తెలుగులో అనుమానితుణ్ణి, ఇవాళ ఇంగ్లీషులో అమాయకుణ్ణి. మధ్యలో నేను చేసిన మంచిపని ఏదీ లేదు.

"అయ్యా, లోపల ఇంకొకతను ఉన్నాడు," అన్నాను. "అతని నేరం ఏమిటి?"

"ప్రభుత్వ ఉత్తర్వును అపహాస్యం చేశాడు."

"ఏం చేశాడు?"

కెప్టెను కొంచెం ఇబ్బందిగా కదిలాడు. "నవ్వాడు."

"నవ్వడం నేరమా?"

"మామూలు రోజుల్లో కాదు, మాష్టారూ. ఇవి మామూలు రోజులు కావు. ఈ అడవుల్లో మా వాళ్లు చనిపోతున్నారు. ఎవడు నవ్వుతున్నాడో, ఎందుకు నవ్వుతున్నాడో నాకు ఎలా తెలుస్తుంది? నాకు వీళ్ల భాష రాదు." అది అతను దబాయించి అనలేదు. నిజంగానే అన్నాడు. ఆ క్షణంలో అతని మీద నాకు కోపం రాలేదు. భయపడే మనిషి చేతిలో తాళంచెవి ఉంటే ఎంత ప్రమాదమో మాత్రం తెలిసింది.

మీరు వెళ్లవచ్చు, బస్సు ఉంది అన్నాడు. నేను లేవలేదు. ధైర్యం కాదు. టీ ఇంకా మిగిలి ఉంది, ఏం చెయ్యాలో తోచలేదు.

మైదానం

అప్పుడు హవల్దారు పరుగెత్తుకొచ్చాడు. బయట జనం అన్నాడు.

కెప్టెను వెంట నేనూ అరుగు మీదికి వచ్చాను. ఠాణా ముందు మైదానం నిండా ఆడవాళ్లు. కానీ గుంపుగా లేరు. నలుగురు ఒకచోట కూర్చున్నారు. కొంత ఎడంగా మరో నలుగురు. ఇంకాస్త దూరంలో ఇంకో నలుగురు. రోడ్డు దాకా అలాగే. కొందరి చేతుల్లో కదుళ్లు, ఉన్ని వడుకుతున్నారు. ఒకామె పిల్లకు పాలిస్తోంది. అందరికంటే ముందు నలుగురిలో బుచ్చమ్మ. నా వైపు చూసింది గానీ తెలిసినట్టు కనబడనివ్వలేదు.

ఐదుగురు గుంపు కూడకూడదన్న ఉత్తర్వు ఉంది కదా, ఎందుకొచ్చారో అడగమన్నాడు కెప్టెను. పేష్కారు దిగి అడిగాడు.

"మేం నలుగురమే," అంది బుచ్చమ్మ.

"మరి వాళ్లో?"

"వాళ్లు ఎవ్వలో నాకేం తెల్సు? వాళ్లు గూడ నలుగురే ఉన్నరు. నీకు లెక్క రాదా?"

పేష్కారు రెండో నలుగురి దగ్గరికి వెళ్లాడు. మేక తప్పిపోయింది, ఎతుక్కుంటున్నం అన్నారు వాళ్లు కూర్చునే. మూడో వాళ్లు ఎండకు కూసున్నం అన్నారు. నాలుగో చోట సత్తెమ్మ ఉంది. లేచి నిలబడి, పేష్కారు గొంతుతోనే, "ఈ దినం మొదలు ప్రజలందరూ స్వతంత్రులు, కాబట్టి కూసున్నం," అంది.

ఎవరో కిసుక్కుమన్నారు. పక్క నలుగురిలో ఇంకెవరో. ఆపుకోబోయి ఆపుకోలేక, నోట్లో కొంగు కుక్కుకుని, చివరికి మైదానమంతా నవ్వు. అంతమంది ఆడవాళ్లు ఒకేసారి నవ్వడం నేను అంతకుముందు వినలేదు. లోపల గదిలోంచి కూడా ఒక నవ్వు వినిపించింది. అది విని బుచ్చమ్మ మాత్రం నవ్వు ఆపి లేచి నిలబడింది. కొడుకు గొంతు ఏడాది తర్వాత విన్నది అప్పుడే.

కెప్టెను పేష్కారును అడిగాడు, ఏమంటున్నారు? పేష్కారు చాటించిన మాటే తనకు తిరిగి వచ్చింది, దాన్ని దొరకు ఎలా చెబుతాడు? నేను ఇంగ్లీషులో చెప్పాను. ముందు చాటింపు చెప్పాను, తర్వాత ఆ "కాబట్టి" చెప్పాను. కెప్టెను మొదట అర్థంకానట్టు చూశాడు. "అలా చాటించమని నేను చెప్పలేదే," అన్నాడు.

"అనువాదంలో కలిసింది, అయ్యా."

అతని పెదవి చివర కదిలింది. వెంటనే బిగించుకున్నాడు, సిపాయిలు చూస్తున్నారు మరి. మైదానం వైపు, గది తలుపు వైపు చూశాడు. నవ్వినందుకు పట్టుకోవాలంటే ఇంతమందికి చోటు లేదు. తుపాకీ పేలిస్తే నలుగురేసి కూర్చున్న ఆడవాళ్ల మీద పేల్చానని పైవాళ్లకు రాయాలి. ఏమైనా జరగవచ్చనిపించింది.

"విడిచిపెట్టండి," అన్నాడు చివరికి. "కానీ రోజూ పొద్దున ఇక్కడికొచ్చి కనబడాలి."

"ఎంతకాలం?" అని అడిగాను.

"తదుపరి ఉత్తర్వులు వచ్చేదాకా."

జంగయ్య బయటికి వచ్చాడు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. బుచ్చమ్మ దగ్గరికి వెళ్లి ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించింది. చూసింది. ఏడవలేదు. కొంగుతో అతని పెదవి తుడిచి, "గొంగడి సగంల ఉంది. దా," అంది.

తిరుగు ప్రయాణం పొద్దున

మరునాడు నా బస్సు. దారిలో తుర్కయంజాల్‌లో దిగి హోటలాయనకు కాసీం సంగతి చెప్పాలి. ఠాణా దాకా జంగయ్య, బుచ్చమ్మ కూడా నాతో నడిచారు. అతనికి హాజరు వేళ అయింది. బుచ్చమ్మ చంకలో ఉన్ని బుట్ట ఉంది.

దారిలో అతణ్ణి అడిగాను, రోజూ ఇలా రావడం కష్టం కదా అని. "కష్టమే. రోజూ వస్తె రోజూ గాళ్ల మొఖం చూడాలె. గాళ్లు గూడ నా మొఖం చూడాలె గద," అన్నాడు. ఆ మాట నేను ఇంకా పిల్లలకు చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియక.

ఠాణా గేటు దగ్గర సిపాయి జంగయ్యను లోపలికి పంపి, బుచ్చమ్మకు తుపాకీ అడ్డం పెట్టాడు. పేష్కారు లోపలినుంచి బయటికి వచ్చాడు. నిన్నటి అవమానం ముఖం మీద ఇంకా ఉంది.

"ఉత్తర్వు నీ కొడుక్కు. రోజూ రావాల్సింది అతను. నిన్ను ఎవరు రమ్మన్నరు?" అన్నాడు.

రోడ్డు అవతల బస్సు హారను కొడుతోంది. నేను పరుగెత్తాలి, కానీ ఆమె ఏమంటుందో వినకుండా కదలబుద్ధి కాలేదు.

బుచ్చమ్మ గేటు పక్కన మెట్టు మీద కొంగుతో దుమ్ము దులిపి కూర్చుంది. బుట్టలోంచి కదురు తీసింది.

"నన్నెవ్వలు రమ్మనలే," అంది. "అందుకే వచ్చిన."